వినికిడే విద్యగా: జాజ్ కళాకారిణి మేరీ లూ విలియమ్స్ (1910–1981) జీవితం, బోధన

వ్యాససంగ్రహం

ఇరవయ్యో శతాబ్ది అమెరికన్ జాజ్ సంగీతంలో మేరీ లూ విలియమ్స్‌ది విశిష్ట స్థానం. పియానో వాదకురాలిగా ఆమెకు పేరు వచ్చింది. స్వరకర్తగా, వాద్యసంయోజకురాలిగా, అధ్యాపకురాలిగా ఆమె చేసిన కృషికి మాత్రం చాలాకాలం తగిన గుర్తింపు దక్కలేదు. జీవిత చరమాంకంలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో చేసిన బోధనను ఆమె కళాజీవితానికి అనుబంధంగా చూడడమే పరిపాటి. బోధన ఆమె జీవితమంతటా ప్రధానధారగా సాగిందని, ఆమె సంగీత రచనకూ బోధనకూ మూలం ఒక్కటేనని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జాజ్, మేరీ లూ విలియమ్స్, మౌఖిక సంప్రదాయం, వాద్యసంయోజన, బీబాప్, సంగీత బోధన, ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

జాజ్ చరిత్రకు ప్రధాన ఆధారం గ్రామఫోన్ రికార్డు. రికార్డుకెక్కినదే చరిత్రకెక్కింది. ఎవరు ఎవరి దగ్గర ఏమి నేర్చుకున్నారు, ఏ రాత్రి ఏ ఇంట్లో ఏ స్వరసమ్మేళనాన్ని ఎవరు ఎవరికి చూపించారు అన్న విషయాలు రికార్డుల్లో ఉండవు. అందువల్ల జాజ్ చరిత్ర రచనలో వాదకులు కనిపించినంతగా గురువులు కనిపించరు. స్త్రీల విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. జాజ్‌లో స్త్రీలకు గాయనులుగా సులభంగా చోటు దొరికింది. వాద్యకారిణులను ఒక వింతగా చూశారు. ఇతరుల కోసం సంగీతం రాసిన స్త్రీని, ఇతరులకు నేర్పిన స్త్రీని ఏ కోవలో చేర్చాలో నాటి విమర్శకులకు తోచలేదు.

మేరీ లూ విలియమ్స్ రాగ్‌టైమ్, బూగీవూగీ, స్వింగ్, బీబాప్ శైలులన్నింటిలోనూ ప్రావీణ్యం సాధించింది. ఆమెను కేవలం ‘మహిళా పియానిస్టు’గా పరిగణించే ధోరణిని 1999లో వెలువడిన లిండా డాల్ జీవితచరిత్ర, 2004లో వెలువడిన టామీ కెర్నోడిల్ గ్రంథం చాలావరకు సరిదిద్దాయి. ఈ వ్యాసం ఆమె జీవితాన్ని బోధన అనే ఒక్క కోణం నుంచి పరిశీలిస్తుంది.

2. పిట్స్‌బర్గ్ బాల్యం: చెవితో చదువు

మేరీ లూ 1910 మే 8న జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో జన్మించింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు మేరీ ఎల్‌ఫ్రీడా స్క్రగ్స్. ఆమె పసితనంలోనే కుటుంబం పిట్స్‌బర్గ్ నగరానికి వలస వెళ్లి ఈస్ట్ లిబర్టీ ప్రాంతంలో స్థిరపడింది. దక్షిణ రాష్ట్రాల వివక్షనుంచి తప్పించుకోవడానికీ, కర్మాగారాల్లో పనికోసమూ నల్లజాతి కుటుంబాలు ఉత్తరాది నగరాలకు తరలిపోతున్న కాలమది.

1954లో ‘మెలొడీ మేకర్’ అనే బ్రిటిష్ పత్రిక ఆమె ఆత్మకథనాన్ని ధారావాహికంగా ప్రచురించింది. ఆమె తొలి జీవితానికి అదే ముఖ్యమైన ఆధారం. తల్లి ఆర్గన్ వాయిస్తూ పసిబిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకునేదని, ఒకనాడు తల్లి వాయించినదాన్ని ఆ బిడ్డ తన వేళ్లతో తిరిగి పలికించిందని అందులో ఉంది. కళాకారుల స్వీయకథనాల్లో ఇటువంటి బాల్యఘట్టాలు సాధారణమే. దాని తరువాత చెప్పిన విషయం మాత్రం ప్రత్యేకమైనది. కుమార్తెకు సంగీతం మాస్టారిని పెట్టడానికి తల్లి ఒప్పుకోలేదు. మాస్టారి దగ్గర చదివాక తాను కాగితం ఎదురుగా లేనిదే వాయించలేని స్థితికి వచ్చానన్నది ఆ తల్లి అనుభవం. అందుకే ఆమె వాద్యకారులను ఇంటికి పిలిపించి, వారు వాయిస్తుంటే కుమార్తెను వినమనేది.

ఇక్కడ చదువు లేకపోవడం లేదు. చదువు పద్ధతి వేరు. గురుముఖతః నేర్చుకోవడం, విన్నదాన్ని వెంటనే పలికించడం, పలికించినదానిపై సొంత కల్పన చేయడం అనే క్రమం తెలుగువారికి కర్ణాటక సంగీతం ద్వారా పరిచితమే. జాజ్‌లోని ఆశువాదనాన్ని మనోధర్మ సంగీతంతో పూర్తిగా సమానం చేయలేం. స్వరసమ్మేళనాల వరుస జాజ్‌కు పునాది కాగా, కర్ణాటక సంగీతానికి రాగం పునాది. అయితే లిపికంటే చెవికి ప్రాధాన్యమిచ్చే శిక్షణ రెండింటికీ సమానం.

బాల్యంలో ఆమెపై ముద్రవేసిన మరో దృశ్యం లవీ ఆస్టిన్‌ది. ఒక నాటకశాలలో ఆస్టిన్ ఎడమచేత్తో పియానో వాయిస్తూనే, కుడిచేత్తో తరువాతి అంకానికి కావలసిన సంగీతాన్ని కాగితంపై రాయడాన్ని ఆ బాలిక చూసింది. స్త్రీ వాయించడమే కాక రాయవచ్చునని, వాద్యబృందానికి నాయకత్వం వహించవచ్చునని ఆమెకు తెలిపిన తొలి పాఠం అదే.

3. కాన్సాస్ సిటీ: వాదన నుంచి రచనకు

మేరీ లూ కౌమారదశలోనే సంచార ప్రదర్శనబృందంలో చేరింది. అక్కడ పరిచయమైన శాక్సఫోన్ వాదకుడు జాన్ విలియమ్స్‌ను వివాహమాడింది. భర్త చేరిన వాద్యబృందమే తరువాత ఆండీ కర్క్ నాయకత్వంలో ‘ట్వెల్వ్ క్లౌడ్స్ ఆఫ్ జాయ్’గా ప్రసిద్ధి పొంది, కాన్సాస్ సిటీని కేంద్రంగా చేసుకుంది. మొదట్లో ఆమె ఆ బృందంలో సభ్యురాలు కాదు. 1929లో రికార్డింగు సందర్భంగా బృందపు పియానిస్టు రాకపోవడంతో ఆమెకు అవకాశం దక్కింది. 1930లో చికాగోలో ‘డ్రాగ్ ఎమ్’, ‘నైట్ లైఫ్’ అనే రెండు ఏకవాద్య రచనలను రికార్డు చేసింది. ‘మేరీ లూ’ అనే పేరు స్థిరపడింది కూడా ఆ రోజుల్లోనే. 1931 నాటికి ఆమె బృందంలో శాశ్వత సభ్యురాలైంది.

స్వరలిపిలో రాయడం ఆమెకు అప్పటికి పూర్తిగా తెలియదు. ఆమె మనసులోని సంగీతాన్ని పలికి వినిపిస్తే కర్క్ కాగితంపై పెట్టేవాడు. అలా అతడు రాస్తుండగా గమనించి ఆమె లిపిని స్వాధీనం చేసుకుంది. మొదట ధ్వని, తరువాత లిపి అన్న ఈ క్రమాన్ని ఆమె తరువాతి కాలంలో తన విద్యార్థులకూ పాటించింది.

నాటి కాన్సాస్ సిటీలో మద్యనిషేధం నామమాత్రమే. టామ్ పెండర్‌గాస్ట్ రాజకీయ యంత్రాంగపు నీడలో క్లబ్బులు తెల్లవార్లూ నడిచేవి. ఉద్యోగపు వాదన ముగిశాక వాద్యకారులు ఒకచోట చేరి పోటాపోటీగా వాయించే ‘జామ్ సెషన్’ అక్కడి విద్యాపీఠం. 1930ల తొలినాళ్లలో ప్రఖ్యాత శాక్సఫోన్ వాదకుడు కోల్‌మన్ హాకిన్స్ ఆ నగరానికి వచ్చినప్పుడు లెస్టర్ యంగ్, బెన్ వెబ్‌స్టర్, హర్షెల్ ఎవన్స్ వంటి స్థానికులు రాత్రంతా అతనితో తలపడ్డారు. పియానిస్టులందరూ అలసిపోగా, వెబ్‌స్టర్ తెల్లవారుజామున తన కిటికీ దగ్గరికి వచ్చి లేపాడని ఆమె రాసుకుంది. జాజ్ చరిత్రకారులు తరచుగా చెప్పే ఈ ఉదంతానికి ప్రధాన సాక్షి ఆమే.

1936లో వెలువడిన ‘వాకిన్ అండ్ స్వింగిన్’ ఆమె రచనాశక్తికి ఉత్తమ నిదర్శనం. శాక్సఫోన్ల వరుసకు ఒక ట్రంపెట్‌ను జతచేసి, ఆ మేళవింపులో కొత్త నాదాన్ని సృష్టించింది. ఉన్న వాద్యాలతోనే లేని వాద్యపు లోటు తీర్చిన నేర్పు అది. అందులోని ఒక స్వరపంక్తి రెండు దశాబ్దాల తరువాత థెలోనియస్ మంక్ రచన ‘రిథమ్ ఎ నింగ్’లో వినిపిస్తుంది. 1937లో బెన్నీ గుడ్‌మన్ వాద్యబృందం కోసం ఆమె రాసిన ‘రోల్ ఎమ్’ బూగీవూగీ శైలిని పెద్ద వాద్యబృందానికి అనువుగా మలిచింది. గుడ్‌మన్ తనకొక్కడికే రాయమని కోరినా ఆమె అంగీకరించక, వేర్వేరు బృందాలకు రాసే స్వేచ్ఛను నిలుపుకుంది.

ఇదే కాలంలో కర్క్ బృందం ఆమెను ఉద్దేశించి ‘ద లేడీ హూ స్వింగ్స్ ద బ్యాండ్’ అనే పాటను రికార్డు చేసింది. బృందాన్ని ఊగించే మహిళ అన్న ప్రశంస వెనుక ఒక పరిమితి దాగి ఉంది. బృందం బాణీని తీర్చిదిద్దిన రచయిత్రి ఆ బిరుదులో కనిపించదు. ప్రచారానికి పనికివచ్చినది పియానో ముందు కూర్చున్న స్త్రీమూర్తి మాత్రమే.

4. హామిల్టన్ టెర్రేస్: రికార్డుకెక్కని పాఠశాల

1942లో ఆమె కర్క్ బృందాన్ని విడిచింది. ట్రంపెట్ వాదకుడు హెరాల్డ్ బేకర్‌ను వివాహమాడి, కొంతకాలం డ్యూక్ ఎల్లింగ్టన్ బృందానికి వాద్యసంయోజనలు సమకూర్చింది. ఇర్వింగ్ బెర్లిన్ పాట ‘బ్లూ స్కైస్’ ఆధారంగా ఆమె రాసిన ‘ట్రంపెట్ నో ఎండ్’ను ఎల్లింగ్టన్ 1946లో రికార్డు చేశాడు. ఈలోగా ఆమె న్యూయార్క్‌లో స్థిరపడి, ‘కెఫే సొసైటీ’లో వాయించసాగింది. శ్రోతల మధ్య వర్ణభేదం పాటించని క్లబ్బుగా దానికి పేరు.

హార్లెమ్‌లోని హామిల్టన్ టెర్రేస్‌లో ఉన్న ఆమె నివాసం 1940లలో యువ సంగీతకారులకు నెలవైంది. క్లబ్బుల్లో పని ముగించుకుని థెలోనియస్ మంక్, బడ్ పావెల్, టాడ్ డామెరన్, డిజీ గిలెస్పీ వంటివారు వేకువజామున ఆమె ఇంటికి చేరేవారు. కొత్తగా రాసినదాన్ని ఆమె పియానోపై వినిపించి అభిప్రాయం కోరేవారు. బీబాప్ అనే నూతన శైలి రూపుదిద్దుకుంటున్న రోజులవి. ఆమె తరానికి చెందిన పలువురు స్వింగ్ కళాకారులు ఆ శైలిని గందరగోళమని నిరసించారు. ఆమె మాత్రం దానిని విన్నది, సవరించింది, తానూ నేర్చుకుంది. గిలెస్పీ బృందం కోసం మిల్టన్ ఒరెంట్‌తో కలిసి ‘ఇన్ ద లాండ్ ఆఫ్ ఊబ్లాడీ’ రాసింది.

ఆ గదిలో హాజరుపట్టీ లేదు, పాఠ్యప్రణాళిక లేదు, జీతం లేదు. అందుకే బీబాప్ చరిత్రను క్లబ్బుల పేర్లతో చెప్పినంత సులభంగా ఈ ఇంటి పేరుతో చెప్పరు. గురువు శిష్యుల నుంచి నేర్చుకునే స్థితి ఉత్తమ బోధనకు లక్షణమనుకుంటే, జాజ్‌లో దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

5. ‘జోడియాక్ సూట్’: మిత్రులే రాశులు

1945లో ఆమె రచించిన ‘జోడియాక్ సూట్’ పన్నెండు రాశుల పేర్లతో పన్నెండు ఖండికల కూర్పు. ఆయా రాశుల్లో పుట్టిన సంగీతకారులు, మిత్రుల స్వభావాలను మనసులో ఉంచుకుని ఒక్కొక్క ఖండికను మలచింది. న్యూయార్క్‌లోని తన వారపు రేడియో కార్యక్రమంలో ఒక్కొక్క రాశినే పరిచయం చేస్తూ వచ్చింది. కొన్ని ఖండికలు ముందుగా రాసినవి కాగా, మరికొన్ని వాయిస్తుండగానే రూపం పొందాయి. అదే సంవత్సరం మోజెస్ ఆష్ సంస్థకు చిన్న బృందంతో రికార్డు చేసి, డిసెంబరు చివర్లో టౌన్ హాలులో విస్తృత వాద్యబృందంతో ప్రదర్శించింది. 1946లో కార్నెగీ హాలులో మూడు ఖండికలను సింఫనీ వాద్యబృందంతో వినిపించింది.

నల్లజాతి స్త్రీ ఒకతె పాశ్చాత్య శాస్త్రీయ వాద్యబృందానికి దీర్ఘరచన చేయడం ఆ కాలానికి సాహసం. వ్యాపారపరంగా ఆ ప్రయత్నం ఆమెకు లాభించలేదు. సంగీతపరంగా మాత్రం ఈ రచనలో జాజ్ సమాజాన్నే ఆమె వస్తువుగా స్వీకరించింది. సహచరుల స్వభావాలను స్వరబద్ధం చేసిన ఈ దృష్టే తరువాత ఆమెను జాజ్ చరిత్రను బోధించే మార్గంవైపు నడిపించింది.

6. విరామం, విశ్వాసం, సేవ

1952లో కొద్దికాలపు పర్యటన కోసం ఇంగ్లండ్ వెళ్లిన ఆమె రెండేళ్లు ఐరోపాలోనే ఉండిపోయింది. 1954లో పారిస్‌లో హఠాత్తుగా వాదన ఆపివేసింది. ఆర్థిక ఇబ్బందులు, అలసట, సహచరులు మాదకద్రవ్యాలకు బలికావడం ఆమెను కలచివేశాయి. న్యూయార్క్ తిరిగి వచ్చాక పియానోకు దూరమై ప్రార్థనలో, సేవలో కాలం గడిపింది. 1955 మార్చిలో చార్లీ పార్కర్ ముప్ఫై నాలుగేళ్లకే మరణించాడు. ఆమె ఆత్మీయ శిష్యుడు బడ్ పావెల్ మానసిక వ్యాధితో సతమతమవుతున్నాడు.

1957లో ఆమె కాథలిక్ మతాన్ని స్వీకరించింది. సంగీతమే ఆమెకు దైవదత్తమైన ప్రార్థనామార్గమని మతగురువులు, మిత్రుడు గిలెస్పీ నచ్చజెప్పారు. అదే సంవత్సరం న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో గిలెస్పీ బృందంతో కలిసి ఆమె మళ్లీ వేదికనెక్కింది. వ్యసనపీడితులైన సంగీతకారుల కోసం ‘బెల్ కాంటో ఫౌండేషన్’ను స్థాపించి, పాత వస్తువుల దుకాణం నడిపి దానికి నిధులు కూడబెట్టింది. వేకువజామున పాఠం చెప్పిన చేతులే ఇప్పుడు అన్నం పెట్టాయి. శిష్యుడి విద్యతోపాటు శిష్యుడి బతుకుకూ గురువు బాధ్యత వహించాలన్న భావన ఈ దశలో స్పష్టమవుతుంది.

7. తరగతి గదిలో పుట్టిన ఆరాధనా సంగీతం

లీమా నగరంలో స్పానిష్ తండ్రికి, బానిసత్వం నుంచి విముక్తి పొందిన నల్లజాతి తల్లికి జన్మించిన మార్టిన్ డి పోరెస్‌ను 1962లో కాథలిక్ సంఘం పునీతుడిగా ప్రకటించింది. అతని స్మృతిలో ఆమె రాసిన గీతం 1964లో ‘బ్లాక్ క్రైస్ట్ ఆఫ్ ది ఆండీస్’ ఆల్బమ్‌లో చోటు చేసుకుంది. దానిని ప్రచురించినది ఆమె సొంత సంస్థ ‘మేరీ రికార్డ్స్’.

రెండవ వాటికన్ మహాసభ (1962–65) ఆరాధనలో స్థానిక భాషలకు, స్థానిక సంగీతానికి దారి తెరిచింది. ఈ నేపథ్యంలో 1967లో పిట్స్‌బర్గ్‌లోని సీటన్ ఉన్నత పాఠశాలలో ఆమె బాలికలకు సంగీతం బోధించింది. ఆమె తొలి మాస్ రచన అక్కడే రూపొందింది. ‘మాస్’ అంటే కాథలిక్ పూజావిధికి సమకూర్చే సంగీతరచన. వృత్తిగాయకులకోసం రాసినదాన్ని విద్యార్థులకు కుదించి ఇవ్వడం వేరు. విద్యార్థుల గొంతులను వింటూ వారికోసమే రాయడం వేరు. ఆమె చేసినది రెండవది. మూడవ మాస్ రచన ‘మ్యూజిక్ ఫర్ పీస్’ తరువాత ‘మేరీ లూస్ మాస్’గా ప్రసిద్ధి పొందింది. 1971లో ఆల్విన్ ఏలీ దానికి నృత్యరూపం ఇచ్చాడు. 1975లో న్యూయార్క్‌లోని సెయింట్ పాట్రిక్ కెథడ్రల్‌లో జరిగిన ఆరాధనలో అది వినిపించింది. పానశాలలకు చెందినదని నిరసనకు గురైన సంగీతం ఆ మహామందిరంలో ప్రవేశించడం ఆమె జీవితకృషికి దక్కిన ఫలం.

8. జాజ్ వృక్షం: ఒక చరిత్ర సిద్ధాంతం, దాని హద్దులు

బోధనకోసం ఆమె ఆలోచన మేరకు చిత్రకారుడు డేవిడ్ స్టోన్ మార్టిన్ ఒక వృక్షచిత్రం గీశాడు. దాని వేళ్లలో ఉన్నది నల్లజాతి ప్రజల బాధ. మానులో దిగువనుంచి పైకి ఆధ్యాత్మిక గీతాలు, రాగ్‌టైమ్, కాన్సాస్ సిటీ స్వింగ్, బాప్ క్రమంగా ఉంటాయి. బ్లూస్ ఆ మానునంతటినీ అంటిపెట్టుకుని సాగుతుంది. ఆకులపై సంగీతకారుల పేర్లు ఉంటాయి. ఒక పక్క మోడువారిన కొమ్మలు కనిపిస్తాయి. వాటిపై వాణిజ్య రాక్ సంగీతం, అవాంగార్డ్, అభ్యాసపు కసరత్తులు అన్న మాటలున్నాయి.

ఈ చిత్రంలో సిద్ధాంతం ఉంది, తీర్పు కూడా ఉంది. జాజ్‌ను బాధనుంచి పుట్టిన సంగీతంగా నిర్వచించడం వల్ల దానిని కేవలం వినోదంగా చూసే దృష్టిని ఆమె తిరస్కరించింది. అదే సమయంలో ఒక కాలం దాటాక వచ్చిన ప్రయోగాలను ఎండుకొమ్మలుగా చూపింది. బీబాప్‌ను పెద్దలు నిరసించినప్పుడు యువకుల పక్షాన నిలిచిన ఆమే, తరువాతి తరపు ప్రయోగాల విషయంలో కఠినంగా వ్యవహరించడం గమనార్హం.

ఈ వైరుధ్యానికి వేదిక 1977 ఏప్రిల్ 17న కార్నెగీ హాలులో జరిగిన కచేరీ. అవాంగార్డ్ పియానిస్టు సెసిల్ టేలర్‌తో కలిసి రెండు పియానోలపై వాయించేందుకు ఆమే పూనుకుంది. జాజ్ చరిత్రను వరుసగా వినిపించాలని ఆమె ఆశించగా, టేలర్ తన ధోరణిలోనే వాయించాడు. ఇద్దరి మధ్య సామరస్యం కుదరలేదు. ఆ కచేరీ ‘ఎంబ్రేస్డ్’ పేరుతో రికార్డుగా వెలువడింది. కాలపు అంతరాన్ని ఆలింగనం చేసుకోవాలన్న సంకల్పం, అది పూర్తిగా నెరవేరని తీరు రెండూ అందులో వినిపిస్తాయి. ఆ రికార్డును వైఫల్యమని తోసిపుచ్చడం సరికాదు. తాను ఎండుకొమ్మ అనుకున్నదాని పక్కన కూర్చుని వాయించడానికి సిద్ధపడిన గురువు సాహసం అందులో ఉంది.

9. డ్యూక్ విశ్వవిద్యాలయం: పట్టా లేని ఆచార్యురాలు

1977లో ఉత్తర కరోలినా రాష్ట్రంలోని డరమ్‌లో ఉన్న డ్యూక్ విశ్వవిద్యాలయం ఆమెను ఆస్థాన కళాకారిణిగా నియమించింది. ఆమెకు విశ్వవిద్యాలయ పట్టా లేదు. ఆమెకు నిర్వాహకుడిగా వ్యవహరించిన జెసూట్ మతగురువు పీటర్ ఓబ్రయన్‌తో కలిసి జాజ్ పరిచయ తరగతులు నడిపింది, విద్యార్థి వాద్యబృందాన్ని తీర్చిదిద్దింది. తరగతిలో తాను పియానోపై ఒక పంక్తి వాయించి విద్యార్థులచేత పాడించడం ఆమె పద్ధతి. సంగీతం చదవడం రానివారు కూడా ఆ విధంగా లయను, బ్లూస్ ఛాయను గొంతుతో పట్టుకోగలిగారు. పిట్స్‌బర్గ్‌లో తల్లి ఒడిలో మొదలైన పద్ధతి ఆరు దశాబ్దాల తరువాత విశ్వవిద్యాలయపు తరగతి గదికి చేరింది.

డ్యూక్‌లో ఉండగానే 1978లో వైట్‌హౌస్‌లో జరిగిన జాజ్ ఉత్సవంలో ఆమె పాల్గొంది. క్యాన్సర్ బాధిస్తున్నా బోధనను, వాదనను చేతనైనంతకాలం కొనసాగించింది. 1981 మే 28న డరమ్‌లో మరణించింది. పిట్స్‌బర్గ్‌లో సమాధి అయింది. 1983లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆమె పేరిట నల్లజాతి సంస్కృతి కేంద్రం ఏర్పడింది. ఆమె రాతప్రతులు, లేఖలు న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ జాజ్ అధ్యయన సంస్థలో భద్రంగా ఉన్నాయి.

10. ఉపసంహారం

1. మేరీ లూ విలియమ్స్ జీవితంలో బోధన విరమణకాలపు వ్యాపకం కాదు. హామిల్టన్ టెర్రేస్ ఇల్లు, సీటన్ పాఠశాల, డ్యూక్ విశ్వవిద్యాలయం ఒకే కృషిలోని మూడు దశలు.

2. ముందు చెవి, తరువాత లిపి అన్నది ఆమె పొందిన శిక్షణ. ఆమె ఇచ్చిన శిక్షణా అదే. ఆమె వాద్యసంయోజనల్లోని నాదస్పృహకు మూలం ఈ పద్ధతిలో ఉంది.

3. ‘మహిళా పియానిస్టు’ అన్న ముద్ర ఆమెకు కీర్తినిస్తూనే ఆమె రచనను, గురుత్వాన్ని మరుగుపరిచింది.

4. జాజ్ వృక్షం ఆమె చరిత్రదృష్టికి బలం, అదే ఆమె దృష్టికి హద్దు. ఆ హద్దును దాటే ప్రయత్నాన్ని కూడా ఆమే చేసింది.

5. మౌఖికంగా సంక్రమించే విద్యలకు చరిత్ర రాసేటప్పుడు మిగిలిన కృతులతోపాటు నేర్పిన చోట్లను, నేర్పిన తీరును ఆధారాలుగా స్వీకరించాలి. లేనిపక్షంలో శిష్యుల పేర్లు నిలిచి, గురువుల పేర్లు మాసిపోతాయి. మంక్ రచనలో వినిపించే ఆ స్వరపంక్తి ఎవరిదో చెప్పవలసిన బాధ్యత చరిత్రకారులపై ఉంది.